ద్వాదశి నాటి ఉన్ని రవిక

పంచాంగం ప్రకారం ఆశ్వయుజం, కార్తీకం శరదృతువు. తెల్లటి మబ్బులు, పిండి ఆరబోసినట్టు వెన్నెల అని బళ్ళో చదివించారు. ఆ పాఠం రాసినవాళ్ళెవరో గానీ ఆ నెలల్లో తిరుపతి మొహం చూసి ఉండరు. మాకు ఆ రెండు నెలలూ వానే. బంగాళాఖాతంలో అల్పపీడనమని రేడియో చెప్పడం, కొండ కనిపించకుండా పోవడం, ఉతికిన గుడ్డలు రోజుల తరబడి ఆరక ముక్కిపోయిన వాసన కొట్టడం, ఇదీ మా శరత్తు. వసారాలో ఈ గోడ నుంచి ఆ గోడకి తాళ్ళు కట్టి, వాటి కింద వంగి నడిచేవాళ్ళం. తల ఎత్తితే ఎవరిదో తడి పంచె మొహానికి అంటుకునేది.

నాకు గుడ్డల పిచ్చి. ఈ బిరుదు మా ఇంట్లో వాళ్ళు ఇచ్చిందే. పుస్తకం పట్టుకోదు, పాశురం నోటికి రాదు, ఎవరేం కట్టుకున్నారో మాత్రం ఏడాది తర్వాత అడిగినా చెబుతుంది అనేవాళ్ళు. అందులో అబద్ధమేమీ లేదు. అప్పుడూ సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను. మనిషి పొద్దున లేచి మొదట చేసే పని గుడ్డ కట్టుకోవడం. దాని గురించి ఆలోచించడం తక్కువ పని ఎట్లా అవుతుందో నాకు ఇంతవరకూ ఎవరూ విడమరిచి చెప్పలేదు.

తొంభైల నడిమిలో నేను డిగ్రీ చదువుతున్నాను. తిరుపతిలో ఫ్యాషనేముంటుందని మద్రాసు నుంచి వచ్చిన చుట్టాలు నవ్వేవాళ్ళు. పాపం, వాళ్ళకు మా బస్టాండు సంగతి తెలీదు. కాలేజీకి బస్సు మారడానికి నేను రోజూ అక్కడ దిగేదాన్ని. దేశంలో ఉన్న కట్లన్నీ అక్కడికి నడిచి వచ్చేవి. ఆకుపచ్చ గాజులు మోచేతి దాకా వేసుకున్న మరాఠీ ఆడవాళ్ళు, కొంగు ముందుకు వేసుకునే గుజరాతీలు, అంత బురదలోనూ తెల్లచీర అంచుకు ఒక్క మరక అంటనివ్వని మలయాళీలు. కొండ మీద గుండు చేయించుకుని వచ్చి, ఆ గుండుకి చందనం పూసుకుని, ఎర్రచీరలో దర్జాగా నిలబడ్డ ఆడవాళ్ళు. వాళ్ళని చూస్తూ నేను వదిలేసిన బస్సులకు లెక్కలేదు.

చూసింది ఊరికే పోనిచ్చేదాన్ని కాదు. ఓణీని గుజరాతీ వాళ్ళలాగా ముందుకు తిప్పి కట్టాను. లంగాకి జేబు కుట్టించాను. ఒక వానరోజు ఓణీ ఆరలేదని నాయన పొడుగు చేతుల చొక్కా లంగా మీద వేసుకుని, నడుముకి బెల్టులాగా నాడా బిగించి వెళ్ళాను. అది చూసి మా క్లాసులో ముగ్గురు వాళ్ళ నాయనల చొక్కాలు వేసుకొచ్చారు.

అది పెదనాయన కంటపడింది. ఇంటి పెత్తనం ఆయనదే. మా నాయన చిత్తూరులో టీచరు, శనివారం పూతలపట్టు మీదుగా వచ్చే బస్సులో వచ్చి సోమవారం తెల్లారకముందే వెళ్ళిపోయేవాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. పెదనాయన పగలు ఆఫీసు, సందెవేళ ఒక చిన్న పెరుమాళ్ళ గుడిలో ఆళ్వార్ల పాశురాల ప్రబంధం చదవడం. పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆయనకు పిల్లలు లేరు కాబట్టి నన్ను దిద్దే బాధ్యత పూర్తిగా ఆయనే తీసుకున్నాడు.

"ఇది పెరుమాళ్ళకి తళిగ పెట్టే ఇల్లు. ఈడ మొగోళ్ళ చొక్కాలేసుకుని తిరిగేది కుదర్దు" అన్నాడు. తళిగ అంటే మా ఇళ్ళల్లో దేవుడి నైవేద్యం.

"మొగోళ్ళ చొక్కా పొడిగా ఉండాది పెదనాయనా, నా ఓణీ తడిగా ఉండాది" అన్నాను.

నా నోటికి అప్పట్లో తాళం లేదు. ఇప్పుడూ లేదనుకోండి.

ఒకరోజు బస్టాండులో టీకొట్టు దగ్గర ఒక ముసలావిడ కనబడింది. ఏ కొండదేశం మనిషో, ఆమె మాట నాకు ఒక్కటీ అర్థం కాలేదు. చీర మీద ఇటుకరంగు స్వెట్టరు, దానిమీద పూసల దండలు వేసుకుంది. మెడ చుట్టూ తెల్లటి పూలు వరసగా అల్లి ఉన్నాయి. రేకుల మీంచి వాన కారుతుంటే, రెండు చేతులా గ్లాసు పట్టుకుని, ఆ పూసల దండలు, ఆ పూలమెడ స్వెట్టరు, ఆ ముడతల మొహం, అన్నీ తనవేనన్నట్టు నిలబడి టీ తాగుతోంది. నేను కళ్ళప్పగించి చూస్తుంటే పిలిచి, చెయ్యి చాపి అల్లిక తడిమి చూడమంది. అంచు తిప్పి లోపలి వైపు కూడా చూపించింది. పక్కన ఎక్కడా కుట్టు లేదు. గొట్టంలాగా చుట్టూ అల్లుకుంటూ పోయారు.

ఆమెను చూస్తుంటే నాకు మా అవ్వ గుర్తొచ్చింది.

మా అవ్వ, అంటే నాయన వాళ్ళ అమ్మ, తాత పోయేనాటికి ముప్పై ఏళ్ళు కూడా నిండని మనిషి. ఆనాడే ఆమె రంగుచీరలు పెట్టెలోంచి తీసి ఎవరెవరికో పంచేశారు. రవికలు కూడా తీసేశారు. అప్పటినుంచీ నగరి నుంచి వచ్చే గంజిరంగు నేతచీర, తొమ్మిది గజాలది, భుజాల మీదుగా చుట్టుకోవడమే. పెరుమాళ్ళకు వంట ఆమెదే. అందుకని తెల్లవారుజామున బావి దగ్గర స్నానం, మడిచీర. మడి అంటే ఎవరూ తాకకుండా ఉతికి ఆరేసిన గుడ్డ. వానల్లో అది ఆరదు. ఆరకపోతే తడిదే కట్టుకోవాలి, లేదా ధావళి కట్టుకోవాలి. ధావళి ఉన్నిగుడ్డ, ఉన్నికి మైల అంటదని పెద్దల లెక్క. అవ్వ ధావళి ఎప్పటిదో, పురుగు కొట్టి జల్లెడలా అయింది. పైగా కుట్టిన గుడ్డ ఏదీ మడికి పనికిరాదు. కాబట్టి అరవ లెక్కలో ఐప్పసి అనే ఈ నెల వానల్లో, ఆ చలిలో, డెబ్బై దాటిన మనిషి వట్టి చేతులతో, వట్టి వీపుతో వంటింట్లో వణుకుతూ తిరిగేది. శాలువ కప్పుకుంటే చేతులు ఆడవు, అంచు పొయ్యిలో పడుతుంది.

పెద్దమ్మ పోయినప్పుడు పెదనాయన జరీ అంచు పంచెలు ఎవరూ తీసుకెళ్ళలేదు. ఆయన ఏడాదికి రెండు కొత్తవి కొంటూనే ఉన్నాడు. ఈ సంగతి నేను చిన్నప్పుడే గమనించాను. గుడ్డల పిచ్చిదాన్ని కదా.

ఆ సాయంత్రం అవ్వ దగ్గర కూర్చుని బస్టాండు ముసలావిడ సంగతి చెప్పాను. "నీకొక చేతుల రవిక అల్లుతా అవ్వా" అన్నాను.

"నాకెందుకు పాపా? ఐప్పసి వానలు నేను చూడనివా?" అంది. "కుట్టిన గుడ్డ మడికి ఒప్పుకోరు గదా."

"కుట్టేది లేదు. ఉన్నితో చుట్టూ అల్లుకుంటూ పోతాను. సూది లేదు, కత్తెర లేదు. ఉన్నికి మైల లేదని మీరే అంటిరి."

అవ్వ ఉసిరికాయలు తుడుస్తోంది. చెయ్యి ఆగింది.

"కుట్టు లేకుండా చేతులు యెట్లొస్తాయి?" అంది.

వద్దనుకునే మనిషి అడిగే ప్రశ్న కాదది.

మా అమ్మకు అల్లిక వచ్చు. టీవీ మీదకీ ఫ్రిజ్జు మీదకీ గుడ్డలు అల్లేది, నాకూ నేర్పింది. చుట్టూ అల్లడానికి రెండువైపులా మొనలున్న పుల్లలు నాలుగు కావాలంది. బజారులో దొరకలేదు. సైకిలు షాపులో పాత చువ్వలు అడిగి, మొనలు అరగదీయించి తెచ్చాను. ఫ్యాన్సీ షాపులో ఊదారంగు ఉన్ని ఉండలు కొన్నాను. అసలైన ఉన్నేనా అని అడిగితే, కొట్టాయన "ఒరిజినల్ అమ్మా" అన్నాడు. నేను నమ్మాను.

ఒళ్ళు భాగమంతా అయి, ఒక చెయ్యి సగానికి వచ్చేసరికి పెదనాయన చూశాడు. ఎవరికని అడిగాడు. చెప్పాను. ఆయన అరవలేదు. వేలాడుతున్న పోగు కొంచెం తెంపి, అగ్గిపుల్ల గీసి అంటించాడు. అది జుయ్యిమని ముడుచుకుని, కరిగి, నల్లటి పూసలాగా గట్టిపడింది. ఆ పూసని నా అరచేతిలో పెట్టాడు.

"ఉన్ని కాలితే వెంట్రుకలు కాలిన వాసన రావాల. ఇది ప్లాస్టిక్కు. మీ అవ్వ బకెట్టు తొడుక్కుని పెరుమాళ్ళకి వంట చేస్తుందా?"

అవ్వ వంటింటి గడప దగ్గరే నిలబడి వింది. లోపలికి పోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు, ఆయన చెప్పింది నిజమైనందుకు.

"అసలు ఉన్ని తెస్తే?" అన్నాను.

"తెస్తే నేనెందుకు వద్దంటాను? ధావళి కట్టడం లేదా? తే, చూస్తాం" అని పంచె సర్దుకుంటూ వెళ్ళిపోయాడు. ఈ ఎండల ఊళ్ళో అది యాడ దొరుకుతుందిలే అని ఆయన ధీమా.

ఆ ఊదా స్వెట్టరును రెండో చెయ్యి కూడా అల్లి నేనే వేసుకున్నాను, పసుపు లంగా మీద, కాలేజీకి. కరిగే గుడ్డయినా రంగు బ్రహ్మాండంగా ఉంది. పెదనాయన ఎదురుపడితే ఇంకొంచెం నిటారుగా నడిచేదాన్ని.

ఉన్ని ఎక్కడ దొరుకుతుందో అమ్మకు తట్టింది. పాకాల దగ్గర ఒక పల్లెలో గొర్రెలవాళ్ళు కంబళ్ళు నేస్తారు. ఆ ఆదివారమే ప్యాసింజరు రైలెక్కి పాకాలలో దిగి, గొడుగు ఒకటే ఉంటే ఇద్దరమూ సగం సగం తడుస్తూ వెళ్ళాం. ఒకామె వసారాలో కూర్చుని కదురు తిప్పుతోంది.

"కంబళి కావాల్నా తల్లీ?"

"కాదక్కా, నూలు కావాల. గంజి పెట్టనిది."

"ఒట్టి నూలేం సేసుకుంటారు?"

"అల్లుకుంటాం. మా అవ్వకి, మైమీదికి."

ఆమె కదురు పక్కన పెట్టి నవ్వింది. "కంబళి నూలు ముసలామె మైకి కుచ్చుతాది గదమ్మా. ఉండు" అని లోపలికి వెళ్ళి, గొర్రెపిల్లల మొదటి కత్తిరింపు ఉన్నితో వడికిన నూలు తెచ్చింది. మెత్తగా, మట్టికుండ అడుగు రంగులో ఉంది. "తెల్లది గూడా కొంచెం ఉండాది. కావాల్నా?" అంది. బస్టాండు ముసలావిడ మెడ గుర్తొచ్చి, కావాలన్నాను.

ఇంటికి తెచ్చి కుంకుడు రసంలో నానబెట్టి ఉతికాం. ఇక ఆరబెట్టడం. చీరలే ఆరని ఇంట్లో గొర్రె ఉన్ని ఎక్కడ ఆరుతుంది? నీళ్ళపొయ్యి పక్కన బుట్ట బోర్లించి దానిమీద వేశాం. ఇల్లంతా తడిసిన గొర్రెల మంద వచ్చి పడుకున్నట్టు వాసన. పెదనాయన ముక్కు ఎగబీల్చి, "ఏంది ఆ వాసన?" అన్నాడు. మా అమ్మ, జన్మలో అబద్ధమాడి ఎరగని మనిషి, తల వంచుకుని, "వాన గదా బావగారూ" అంది.

అల్లడం మొదలుపెట్టాక అవ్వ మారిపోయింది. మధ్యాహ్నం మడి విడిచాక నా పక్కన చేరేది. మొదట మోచేతి దాకా చాలంది. రెండ్రోజులు పోయాక, "మణికట్టు దాకా వస్తే పప్పు కలిపేటప్పుడు మడుచుకోవచ్చు గదా" అంది. భుజం దగ్గర బిగుతైందని విప్పించింది. నడుము దగ్గర వదులైందని మళ్ళీ విప్పించింది. కొలత కోసం ఒంటికి పట్టి చూస్తుంటే, కిటికీ రెక్క అద్దంలో నీడ ఎలా పడుతుందో ఓరగా చూసుకుంది. నేను చూడనట్టు నటించాను. చివరికి ఒకరోజు, ఉన్ని ఉండ మీదే కళ్ళు పెట్టి అడిగింది.

"ఆ బస్టాండు ఆమె మెడకాడ పూలుండె అంటివే. ఎన్ని రెక్కల పూలు?"

ఈమెను యాభై ఏళ్ళ పాటు ఎవరూ ఏ రంగు కావాలని అడగలేదు. రంగులు, రవికలు తీసేసినవాళ్ళు వాటితో పాటు ఇష్టం కూడా పోయిందనుకున్నారు. పోలేదు. పెట్టెలో మడతపెట్టిన పట్టుచీరలాగా అట్లాగే ఉంది.

"ఐదు" అన్నాను. నిజానికి ఆ పూలకు నాలుగు రెక్కలే. ఐదైతే బాగుంటుందని అవ్వకి ఐదు వేశాను.

రవిక పూర్తయింది. ఎప్పుడు వేసుకోవాలో అవ్వే తేల్చింది. "ద్వాదశి రానీ" అంది.

అప్పుడు నాకు బోధపడలేదు. కార్తీక ఏకాదశి నాడు పెదనాయన పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడు. మర్నాడు ద్వాదశి తెల్లవారగానే, తిథి దాటకముందే పారణ చెయ్యాలి, అంటే ఉపవాసం విడవాలి. ఆ పారణ వంట అవ్వదే. అవిసాకు కూర, ఉసిరికాయ పచ్చడి, ముద్దపప్పు. ఆ వంట పెరుమాళ్ళకు ఆరగింపు కావాలి, ఆ తర్వాత ఆయన తినాలి. అవ్వ మడి చెల్లదని ఆయన అంటే ఆ వంటా చెల్లదు, వేరే వంటకు వేళా ఉండదు. వ్రతమే చెడుతుంది. మా అవ్వ పంచాంగం చూసి కాచుకుని కూర్చుంది.

ద్వాదశి తెల్లవారింది. సన్నగా తుంపర. పెదనాయన స్నానం చేసి, నామం దిద్దుకుని, జరీ అంచు పంచె కట్టుకుని పూజ దగ్గరికి వచ్చాడు. అవ్వ తళిగ పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. మట్టికుండ రంగు రవిక, మణికట్టు దాకా చేతులు, మెడ చుట్టూ తెల్లటి పూలు. వీపు నిటారుగా ఉంది. ఆమె అంత పొడుగని నాకు అప్పటిదాకా తెలీదు.

పెదనాయన నోరు తెరిచాడు. అవ్వ తళిగ కింద పెట్టి, చెంగులోంచి ఒక పోగు, అగ్గిపెట్టె తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన వెలిగించాడు. వెంట్రుకలు కాలిన వాసన వసారా దాకా వచ్చింది. వేళ్ళ మధ్య నలిపితే బూడిదైంది.

"ఉన్నే" అన్నాడు. బూడిద దులుపుకుని, "సూది తగిలిందే" అన్నాడు.

"సూదేంది? సైకిలు చువ్వలవి" అన్నాను తలుపు పక్క నుంచి.

"నువ్వు మాట్లాడొద్దు."

"అది మాట్లాడదులే. నువ్వు కుట్టు వెతుకు" అంది అవ్వ, చెయ్యి చాపి. "దొరికితే ఇప్పుడే విప్పేస్తా."

ఆయన అంచు చూశాడు, చంక కింద చూశాడు. కుట్టు లేదు. బయట వెలుతురు పెరుగుతోంది. ఇక చేసేది లేక గంట అందుకున్నాడు. ఆరగింపు అయింది. ఆకు వేశారు. ఆయన కూర్చున్నాడు. అవ్వ అన్నం పెట్టింది, పప్పు పెట్టింది, అవిసాకు కూర పెట్టింది. అన్నం మీద నెయ్యి అభిఘారం పడితే గానీ ముద్ద ఎత్తకూడదు. నేతిగిన్నె పట్టుకుని నిలబడింది.

ఆయన ఆకులోకి చూస్తూ, ఈసారి మెల్లగా అన్నాడు. "చలికే అయితే మంచి శాలువ తెచ్చిస్తును గదమ్మా. ఈ వయసులో ఈ పూలు, ఈ చేతులు... నీకెందుకు ఇదంతా?"

"చలికి శాలువ చాలురా" అంది అవ్వ. "నేను చలికని వేసుకోలేదు. బాగుండాలని వేసుకున్నాను. మీ నాయన పోయినంక నన్నెవురూ ఒక చూపు చూసి బాగుండావనలేదు. అద్దం నేనూ చూడలేదు. బాగుండాలని నాకుండాది. ఇప్పుడు గూడా ఉండాది."

పెదనాయన చెయ్యి ఆకు పక్కన అట్లాగే ఉంది. తిథి దాటిపోయే వేళ దగ్గర పడుతోంది. అవ్వ గరిటెతో నెయ్యి తీసింది, పొయ్యలేదు.

"తల పైకెత్తు. నా పక్క చూడు. ఎట్లుండాను?"

ఆయన చూశాడు. వడ్డించే చేతుల్ని, మొక్కే పాదాల్ని కాదు. మెడ దగ్గర పూలని, ఆ పైన మొహాన్ని. అంతసేపు ఆయన వాళ్ళమ్మని చూడటం నేనెప్పుడూ చూడలేదు.

"బాగుండావమ్మా" అన్నాడు.

"గట్టిగా చెప్పు. లోపల కోడలికి గూడా వినపడాల."

"బాగుండావమ్మా!"

అప్పుడు నెయ్యి పోసింది.